అమ్మపల్లి రామాలయము



క్షేత్రదర్శన మనగానే మన మనస్సు కాశికో, రామేశ్వరమునకో, భద్రాచలమునకో పోవును. ఆ యాత్రలు చేయదగినవే. అయితే దూరమందలి దేవుని చూచుటకు ఏండ్ల తరబడి ఎదురుచూచు మనము, దారిప్రక్కనున్న గుడిని తల త్రిప్పి చూడకయే దాటిపోవుచుందుము. నేనును అట్టివాడనే. నా యెనిమిదేండ్ల మనుమడు అడిగిన యొక ప్రశ్నకు సమాధానము చెప్పలేక సిగ్గుపడిన పిమ్మటనే, గుడిని చూచుట యెట్లో నాకు కొంత తెలియవచ్చినది. ఆ సంగతియే నేడు విన్నవించెదను.

వాని తండ్రి పరదేశమున ఉద్యోగము చేయుచు రెండేండ్లకు ఇల్లు చేరుచుండెను. ఎదుర్కొనుటకై పిల్లవానిని వెంటబెట్టుకొని శంషాబాదు పోతిని. హైదరాబాదు విమానములు పూర్వము బేగంపేటలో దిగుచుండెడివి. 2008 మార్చి నుండి శంషాబాదున దిగుచున్నవి. ఆనాడు రావలసిన విమానము నాలుగు గంటలు ఆలస్యమని తెలిసినది. అంతసేపు పిల్లవానిని ఒకచోట కూర్చుండబెట్టుట నా తరము గాలేదు. దగ్గర నేదైన గుడి గలదా యని అడుగగా, మోటారు నడుపువాడు మమ్ము షాబాదు త్రోవలో నర్కూడ గ్రామమునందలి అమ్మపల్లి సీతారామచంద్రస్వామి ఆలయమునకు గొనిపోయెను.

ఈ గుడి 13వ శతాబ్ది నాటిదని చెప్పుదురు. ఆ శతాబ్దిలో ఓరుగల్లునందు గణపతిదేవుడును, ఆయన కుమార్తె రుద్రమదేవియు రాజ్యమేలిరి. అయితే గుడి యనునది ఒక్కనాడు ముగిసెడి కట్టడము కాదు. ఒక తరమువారు గర్భాలయము కట్టింతురు. మరియొక తరమువారు మంటపము వేయింతురు. వేఱొకరు ప్రాకారమో గోపురమో యెత్తింతురు. అమ్మపల్లి గోపురమును గూడ లోని గుడికంటె తరువాతి కాలపు పని యందురు. 1213లో కట్టబడితినని శాసనముఖమున చెప్పుకొనగల రామప్పగుడి యదృష్టము అన్ని గుళ్లకు లేదు. కావున పెక్కు గుళ్లను మనము కంటితోనే చదువుకొనవలెను.

మొదట గోపురము. ఇచ్చట నది ఏడంతస్తులది. ప్రవేశద్వారము కడ శేషశయనుడైన విష్ణుమూర్తి దర్శన మిచ్చును. ఇట్టి యెత్తైన గోపురములకు సాధారణముగా అడుగు అంతస్తు రాతితో కట్టి, పై అంతస్తులను ఇటుకతోను సున్నముతోను లేపుదురు. అందుచేత బరువు తగ్గును. గచ్చుతో బొమ్మలు తీర్చుటకును వీలగును. పైకి పోయిన కొలది అంతస్తు కుఱుచగుట అందమునకు మాత్రమే కాదు. బరువు నడుమకు చేరి కట్టడము నిలుచుట కొఱకు. కాలినడకన పోవు బాటసారికి ఆమడ దూరమునుండి గోపురము కనబడిన, అచ్చట ఊరు గలదు, నీరు గలదు, తలదాచుకొన చోటు గలదు అని అర్థము.

ఆ నీటి చోటే కోనేరు. దానిని చూచినతోడనే నా మనుమడు “ఇది సినిమాల చూసిన, తాతా!” యని కేక వేసెను. నిజమే, చలనచిత్రములవారు పెక్కుమారులు ఇచ్చటికి వచ్చి చిత్రములు తీసిరి. అందు తప్పు లేదు. కాని తెరమీద చూచినవానికి అవి వట్టి మెట్లు. వేసవిలో నీటిమట్టము దిగిన కొలది మెట్టు తరువాత మెట్టు బయటపడును. ఏ ఋతువునందు వచ్చినవానికైనను కాళ్లు కడుగుకొన నీరందును. వాననీరు ఇట్టి కోనేటిలో నిలిచి, భూమిలోని కింకి, చుట్టుప్రక్కల బావులకు ఊట యిచ్చును. పూడిక నిండిన కోనేరు గుడికి మాత్రమే కాదు, ఊరికిని నష్టము.

తరువాత గర్భాలయము. నల్లరాతిని మలచిన శ్రీరాముడు, సీతమ్మ, లక్ష్మణస్వామి. వెనుక మకరతోరణము, అందు దశావతారములు చెక్కబడియున్నవి. రాముడు ఆ పదింటిలో నొకడని చూపఱకు ఆ తోరణమే చెప్పుచున్నది. పీఠమున కూర్మము గలదు. మందరపర్వతమును మోసినది కూర్మము గదా! గుడి కట్టునప్పుడు పునాదియందు కూర్మశిల నుంచవలెనని శిల్పశాస్త్రములు విధించుటయు ఇందులకే. భార మెక్కడనో దాని గుర్తు అక్కడ.

ఇచ్చటనే నా మనుమడు నన్ను పట్టుకొనెను. “తాతా, రాముడున్నడు, సీతమ్మ ఉన్నది, లక్ష్మణుడున్నడు. హనుమంతుడు ఏడి?” నేను మరల చూచితిని. లేడు! అరువదేండ్లుగా గుళ్లు తిరిగినవాడను. ఒక్క మాట తోచలేదు. “ఎక్కడనో ఉంటడు లేరా” యని చేయిపట్టి లాగితిని. వాడు ఊరకుండలేదు. మరలివచ్చునప్పుడు ధ్వజస్తంభము కడ నిలిచి “ఇడుగో!” యని చూపెను. ఆంజనేయుడు అచ్చటనే యున్నాడు. పోవునప్పుడు నేనాయన ప్రక్కగానే నడచిపోయితిని.

పిమ్మట ఆలోచింపగా సంగతి బోధపడినది. రామాయణక్రమములో ఆంజనేయుడు రాముని కలియుట కిష్కింధాకాండమున. రాముడు, సీత, లక్ష్మణుడు కలిసి వనవాసము చేసిన దినములలో ఆయన లేడు. లోపల ఆయన లేకుండుట ఆ దినములకు తగియున్నది. కడప జిల్లా ఒంటిమిట్టలోను ఇట్లే; అచ్చట ఏకశిలయందు మువ్వురే యుందురు, ఆంజనేయునికి వేఱుగ ఎదుట గుడి కట్టిరి. సేవకుని చోటు స్వామి ప్రక్కను కాదు, స్వామి యెదుట, పిలిచిన పలుకునంత దూరమున. లోపలికి పోవు భక్తునికి నిలువవలసిన తీరును ఆయనయే ముందుగా చూపుచున్నాడు.

ఈ మాటలు నాకు చిన్ననాడు ఎవరైన చెప్పియుందురు. నేను చెవి యొగ్గలేదు. ఇక నా మనుమనికి ఎవరు చెప్పవలెను? వాని తండ్రి సముద్రములకు ఆవల నున్నాడు. నేను చెప్పకున్న ఆ మాట నాతోనే ఆగిపోవును. రాయి పడిపోయిన మరల నిలుపవచ్చును. సికింద్రాబాదు బన్సీలాల్‌పేటలో చెత్తతో పూడిపోయిన మెట్లబావిని బాగుచేసి 2022 డిసెంబరులో తెఱచిరి. చెప్పువారు పోయిన గుడిని తెఱచుట అంత సులభము కాదు.

కావున పెద్దలారా, మీ యూరి గుడికి ఒకనాడు మనుమలతో పొండు. వడిగా దండము పెట్టి మరలకుడు. గోపురము కడ నిలువుడు, కోనేటి మెట్లు దిగుడు, పీఠము చూపుడు. వారు అడిగినదానికి తెలిసిన చెప్పుడు. తెలియకున్న, నావలె చేయి పట్టి లాగక, కలిసి వెదకుడు.

ఆనాటి సాయంకాలము తండ్రిని చూడగానే నా మనుమడు తనకేమి తెచ్చితివని అడుగలేదు. “నాయినా, హనుమంతుడు బయట ఉన్నడు, ఎందుకో చెప్పు” అనెను. తండ్రి నా వంక చూచెను.

సెలవు.