ఖాళీ జవాబు కోసం ఒక ప్రశ్న

"సార్, స్టేషన్లో వైఫై నొక్కగానే నంబరు అడిగే పేజీ దానంతటదే వచ్చేస్తుంది. మనం ఏ సైటూ తెరవలేదు కదా, ఫోనుకెలా తెలిసింది?" అని తొమ్మిదో తరగతి పిల్లవాడు అడిగాడు. రైల్వే స్టేషన్లలో ఒకప్పుడు గూగుల్ పెట్టిన ఉచిత వైఫై గురించి మాట్లాడేవాళ్లంతా వేగం దగ్గరే ఆగిపోతారు. నాకు మాత్రం తమాషా అంతా ఈ పేజీలోనే కనిపిస్తుంది.

వైఫై తగలగానే ఆండ్రాయిడ్ ఫోను మనకు చెప్పకుండా ఒక పని చేస్తుంది. గూగుల్ సర్వరుకు చిన్న అభ్యర్థన పంపుతుంది. దానికి రావలసిన జవాబు ఏమిటో ఫోనుకు ముందే తెలుసు: 204 అనే సంకేతం. అంటే "అందింది, ఇవ్వడానికేమీ లేదు" అని. ఆ ఖాళీ జవాబు వస్తే ఇంటర్నెట్ ఉన్నట్టే. ఐఫోను కూడా ఇలాంటి పరీక్షే పెడుతుంది కానీ, "సక్సెస్" అని రాసి ఉన్న బుల్లి పేజీ కోసం చూస్తుంది. నా ఓటు ఖాళీ జవాబుకే!

స్టేషన్లో మనం లాగిన్ కాకముందు ఆ అభ్యర్థన గూగుల్ దాకా వెళ్లదు. నెట్‌వర్క్ గుమ్మంలో ఉండే గేట్‌వే దాన్ని మధ్యలో పట్టుకుని, తానే ఆ సర్వరైనట్టు నటిస్తూ "ఫలానా చిరునామాకు వెళ్లు" అంటుంది. మామూలుగా ఇలా దారి మళ్లించేది మోసగాళ్లు. ఇక్కడ మాత్రం ఫోను ఆ మళ్లింపునే ఆనవాలుగా తీసుకుంటుంది. 204 రాలేదు, ఇంకేదో వచ్చింది, కాబట్టి మధ్యలో ఎవరో ఉన్నారు. వెంటనే లాగిన్ పేజీ చూపిస్తుంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఈ ప్రశ్నను ఫోను కావాలనే రక్షణ లేని పాత హెచ్‌టీటీపీ పద్ధతిలో, పోస్టుకార్డు మీద రాసినట్టు పంపుతుంది. రక్షణ ఉన్న హెచ్‌టీటీపీఎస్‌లో అడిగితే, తాను గూగులేనని రుజువు చేసే సర్టిఫికెట్‌ను గేట్‌వే చూపలేకపోతుంది. కనెక్షన్ తెగిపోతుందే తప్ప లాగిన్ పేజీ చిరునామా చేతికి రాదు.

ఓటీపీ కొట్టాక గేట్‌వే మన ఫోను మ్యాక్ చిరునామాను, అంటే నెట్‌వర్క్‌లో దాని గుర్తింపు సంఖ్యను, తన జాబితాలో రాసుకుని దారి వదులుతుంది. ఫోను మళ్లీ అదే ప్రశ్న వేస్తుంది, ఈసారి 204 వస్తుంది. అక్కడితో పరీక్ష పాస్.

ఇక ఆ గూగుల్ వైఫై చరిత్ర. 2015లో ప్రకటన, 2016 జనవరిలో ముంబయి సెంట్రల్‌లో ప్రారంభం. రైల్వేల టెలికాం సంస్థ రైల్‌టెల్‌కు పట్టాల వెంట అప్పటికే ఉన్న ఫైబరే దీనికి ఆధారం. కొన్ని నెలల్లోనే విజయవాడ, కాచిగూడ, విశాఖపట్నం చేరాయి. 2018 జూన్‌లో అస్సాంలోని డిబ్రూగఢ్‌తో 400 స్టేషన్లు పూర్తయ్యాయి. ఈలోగా, 2016 సెప్టెంబరులో జియో వచ్చింది. జేబులోనే చౌక డేటా ఉన్నవాడికి ప్లాట్‌ఫారం మీద ఓటీపీ కోసం ఎదురుచూసే ఓపిక ఎందుకుంటుంది? మొబైల్ డేటా ధరలు అయిదేళ్లలో 95 శాతం తగ్గాయన్న ట్రాయ్ లెక్కను చూపిస్తూ, 2020 ఫిబ్రవరిలో గూగుల్ ఈ పథకాన్ని విరమిస్తున్నట్టు చెప్పింది. రైల్‌టెల్ మాత్రం వదల్లేదు. 2021లో రోజుకు అరగంట ఉచితంగా ఇచ్చి, ఆపైన 10 రూపాయల నుంచి ప్లాన్లు పెట్టింది.