పాత జీపుకు బెల్టు ఉంటే చాలదు, బిగింపు నిలవాలి

చిలకలూరిపేట: మిరప కోతల కాలం వచ్చిందంటే గుంటూరు యార్డుకు వెళ్లే దారులన్నీ టిక్కీల లారీలతో నిండిపోతాయి. సరుకు ఎక్కించిన రైతు మోకును అటూ ఇటూ లాగి, కొక్కేలకు తగిలించి, ముడిని కాలితో తన్ని చూసుకుని గాని లారీని కదలనివ్వడు. టిక్కీ జారితే నష్టం తనదేనని అతనికి తెలుసు. ఆ లారీ వెనుకే తన పాత జీపులో బయలుదేరే ఆ రైతును మాత్రం ఏ మోకూ పట్టి ఉంచదు.

నల్లరేగడి పల్లెల్లో పాత జీపులు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఇంజను ఒక బండిది, గేరుబాక్సు మరొకదానిది, బాడీ షెడ్డులో కొట్టించినది. ఇలా పలు బండ్ల భాగాలతో తయారైన వాహనానికి పోలీసు తనిఖీ భయంతోనో, పిల్లల పోరు పడలేకనో యజమాని బెల్టులు వేయించాలనుకుంటాడు. పాత ఇనుము కొట్టులో పాడైన కారు నుంచి విప్పిన బెల్టు చౌకగా దొరుకుతుంది. మెకానిక్ రేకుకు రంధ్రం చేసి, చేతికి దొరికిన బోల్టు వేసి బిగించేస్తాడు. పైకి చూస్తే అంతా బాగానే ఉంటుంది. ఆ బిగింపు ఎంత బరువు ఆపగలదన్నదే అసలు సంగతి.

విడిభాగాల నుంచి బండి బిగించడం మన దేశంలో కొత్తేమీ కాదు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి ఏళ్లలో మహీంద్రా కంపెనీ అమెరికా విల్లీస్ జీపుల విడిభాగాలను ఓడల్లో తెప్పించి, బొంబాయిలో బిగించి అమ్మింది. ఆనాటి జీపుకు బెల్టు లేదు. భుజం మీదుగా, నడుము మీదుగా వచ్చే నేటి మూడు కొసల బెల్టును స్వీడన్‌కు చెందిన వోల్వో కంపెనీ ఇంజనీరు నిల్స్ బోలిన్ రూపొందించగా, 1959లో ఆ కంపెనీ కార్లలోకి వచ్చింది. ప్రాణాలు కాపాడే వస్తువని భావించి, పేటెంటు ఉన్నా ఇతర కంపెనీలు వాడుకునేందుకు వోల్వో అడ్డు చెప్పలేదు. మన దేశంలో కొత్త కార్ల ముందు సీట్లకు బెల్టు అమర్చడం 1994 నుంచి తప్పనిసరి అయింది. అంతకు ముందు తయారైన బండిలో బెల్టు కోసం గట్టి చోటు కంపెనీ వారు ఏర్పరచి ఉండకపోవచ్చు. ఆ చోటును ఇప్పుడు మనమే ఏర్పరచుకోవాలి.

టిక్కీల లెక్కలో దెబ్బ

గంటకు 50 కిలోమీటర్ల వేగం మన రోడ్ల మీద పెద్ద వేగంగా ఎవరికీ తోచదు. ఆ వేగంతో వెళ్లి గోడను గుద్దుకోవడం సుమారు 10 మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడంతస్తుల మేడ మీది నుంచి నేల మీద పడటంతో సమానం. 60 కిలోల మనిషి శరీరం ఆ దెబ్బలో అరమీటరు దూరంలో ఆగిపోయిందనుకుంటే, అతన్ని ఆపడానికి బెల్టు మీద పడే లాగుడు సగటున 12 క్వింటాళ్ల బరువుకు సమానం. 40 కిలోల టిక్కీలు 30 ఒక్కసారిగా ఆ బెల్టుకు వేలాడినట్టు లెక్క. స్టీరింగు గట్టిగా పట్టుకుంటే ఆగుతామనే డ్రైవర్లు తమ రెండు చేతులతో 30 టిక్కీలు ఎత్తగలరేమో ఆలోచించుకోవాలి.

చూపుకు నవారులా కనిపించినా బెల్టు పట్టీ పాలియెస్టర్ నేత. మంచి స్థితిలో ఉన్న పట్టీ రెండు టన్నులకు పైగా లాగుడు తట్టుకుంటుంది. కాబట్టి ఊడేది సాధారణంగా పట్టీ కాదు, దాన్ని పట్టిన రేకు. జీపు అడుగు రేకు పలచన, పైగా వానకు బురదకు తుప్పు పట్టి ఉంటుంది. రూపాయి బిళ్లంత వాషరు వేసి బిగిస్తే దెబ్బ తగిలినప్పుడు బోల్టూ వాషరూ రేకును చింపుకుని బయటికి వచ్చేస్తాయి. రేకు అడుగున కనీసం 3 మిల్లీమీటర్ల మందం, 8 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు గల ఉక్కు పలక వేయాలి. పలక అంచులు నున్నగా అరగదీయాలి. వీలైతే ఛాసిస్‌కు, లేదా ఛాసిస్‌కు కలిపిన గట్టి అడ్డపట్టీకి బిగించడం ఇంకా మేలు. చెక్క పలకకు గాని, నేలకు సరిగా నిలవని సీటు చట్రానికి గాని బిగించరాదు. సీటు ఊడితే మనిషితో పాటు బెల్టూ పోతుంది.

బోల్టు విషయంలో పిసినారితనం పనికిరాదు. బెల్టులకు వాడేది 7/16 అంగుళాల సన్నమర బోల్టు, లేదా తల మీద 8.8 అని ముద్ర ఉన్న 12 మిల్లీమీటర్ల బోల్టు. ముద్ర లేని నాగలి బోల్టు, మరలు అరిగిన పాత బోల్టు వాడకూడదు. బెల్టు కొసన ఉండే లోహపు బిళ్లను వెల్డింగు పెట్టడం మరో పొరపాటు. ఆ వేడికి గట్టి ఉక్కు తన బలం కోల్పోతుంది, పక్కనున్న పట్టీ మాడుతుంది.

కొసలు ఎక్కడ ఉండాలి?

నడుము పట్టీ పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద ఆనాలి. అందుకు కింది కొసలు సీటుకు రెండు వైపులా, తుంటి నుంచి కిందికి, కొంచెం వెనక్కి ఏటవాలుగా ఉండాలి. పొట్ట మీదికి జరిగిన పట్టీ దెబ్బ తగిలినప్పుడు పేగులను, కాలేయాన్ని నొక్కేస్తుంది. గర్భిణులు పట్టీని పొట్ట కిందుగా సర్దుకోవాలి.

జీపుల్లో పెద్ద చిక్కు భుజం పట్టీతోనే వస్తుంది. కారుకు తలుపు పక్కన స్తంభం ఉంటుంది గనుక పై కొస దానికి బిగుస్తుంది. గుడ్డ టాపు జీపుకు ఆ స్తంభం ఏదీ? అందుకని కొందరు పట్టీని సీటు వెనక్కి దించి నేలకు బిగించేస్తారు. అది ప్రమాదం. బండి ఢీకొన్నప్పుడు ఆ పట్టీ భుజాలను కిందికి అదిమి వెన్నెముకను నలిపేస్తుంది. పై కొస భుజం ఎత్తులో గాని, కాస్త పైన గాని ఉండాలి. దీనికి సీట్ల వెనుక ఛాసిస్‌కు గట్టిగా కలిపిన ఇనుప కమాను కావాలి. బండి బోల్తా పడినప్పుడు తలలను కాచేది కూడా ఆ కమానే. అందుచేత గుడ్డ టాపు జీపుకు ముందు కమాను, ఆ తరువాత బెల్టు.

పాత కారు నుంచి తీసిన చుట్టుడు బెల్టుకు మరో గుణం ఉంది. ఆ చుట్ట డబ్బాలో బండి కుదుపును పసిగట్టే చిన్న గుండో, లోలకమో ఉంటుంది. డబ్బాను కంపెనీ పెట్టిన వాలులోనే నిలపాలి. వంకరగా బిగిస్తే పట్టీ అసలు బయటికి రాకపోవచ్చు, లేదా అవసరమైన క్షణంలో ఆగకపోవచ్చు. ఇక ప్రమాదానికి గురైన కారు బెల్టు ఎంత కొత్తగా కనిపించినా కొనరాదు. ఒకసారి మనిషిని ఆపిన పట్టీ సాగిపోయి ఉంటుంది, రెండోసారి నమ్మడానికి లేదు. అంచులు పీచు లేచినదీ, బ్యాటరీ యాసిడ్ పడినదీ అంతే.

కుర్రకారు కొందరు పందెం కార్లలోలా నాలుగు పట్టీల హార్నెస్ కావాలంటున్నారు. ఇంజనీరింగ్ విద్యార్థులు సొంతంగా బగ్గీలు తయారుచేసి పోటీపడే బాహా పోటీలు మన దేశంలో 2007లో మొదలయ్యాయి. వాటిలో డ్రైవరుకు కనీసం ఐదు పట్టీలు ఉండాలన్నది నిబంధన. ఐదోది తొడల మధ్య నుంచి వచ్చి నడుము పట్టీని పైకి లేవకుండా పట్టి ఉంచుతుంది. అది లేకుండా నాలుగే వేస్తే భుజం పట్టీలు నడుము పట్టీని పొట్ట మీదికి లాగుతాయి. ఇనుప పంజరం లాంటి చట్రం, వీపును పట్టి ఉంచే సీటు, తలకు హెల్మెట్ ఉన్న బగ్గీకి తగినది సంతకు వెళ్లే జీపుకు తగదు. దానికి మూడు కొసల బెల్టే నయం.

బెల్టు సరిగ్గా ఉండి పెట్టుకోకపోయినా ఫలితం లేదు. 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లా అన్నెపర్తి వద్ద కారు ప్రమాదంలో నందమూరి హరికృష్ణ మరణించారు. ఆయన బెల్టు పెట్టుకోలేదని అప్పట్లో పోలీసులు చెప్పారు. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలో పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ చనిపోయింది వెనుక సీటులో, బెల్టు లేకుండా. బెల్టు పెట్టుకోకపోతే మోగే గంటను ఆపేందుకు ఉత్త బకిల్ కొనేవారికేం చెప్పాలి? వాటిని అమ్మకం నుంచి తీసేయాలని 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆన్‌లైన్ అంగళ్లను ఆదేశించింది కూడా.

ముందు సీటులో తల్లి ఒడిలో బిడ్డ ఉండటం మన పల్లెల్లో మామూలే. పైన చెప్పిన దెబ్బలో 10 కిలోల బిడ్డ 2 క్వింటాళ్ల బరువై ముందుకు దూసుకుపోతాడు. అంత బరువును ఏ తల్లి చేతులూ ఆపలేవు. తల్లికీ బిడ్డకూ కలిపి ఒకే బెల్టు వేస్తే బిడ్డ మధ్యలో నలిగిపోతాడు. బిడ్డకు వేరే సీటు, అదీ వెనుక వైపు ఉండాలి.

ట్రాక్టరు లెక్క వేరు. తల మీద రక్షణ చట్రం ఉన్న ట్రాక్టరుకే బెల్టు పెట్టుకోవాలి. చట్రం లేని దానికి బెల్టు వేస్తే, బోల్తా పడినప్పుడు డ్రైవరు తప్పించుకునే వీలు లేక దాని కిందే ఉండిపోతాడు. ట్రక్కులో కూర్చునే కూలీలకు బిగించడానికి బెల్టూ లేదు, బిగించే చోటూ లేదు. 2020 మే 14న ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలంలో మిరప కోత కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని ఢీకొని పలువురు మరణించారు. ట్రక్కు సరుకు కోసం చేసినది, దానికి బెల్టులు వెతకడం దండగ.

బెల్టు పెట్టుకోని వారికి 2019 సవరణ చట్టం ప్రకారం వెయ్యి రూపాయల జరిమానా ఉంది. బాడీ మార్చి కొట్టించిన బండ్లకు మరో ఇబ్బంది ఉంది. కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. కనుక కమాను కొట్టించేముందే రిజిస్ట్రేషన్ పుస్తకంతో రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లి అడగడం మంచిది. ప్రైవేటు బండికి 15 ఏళ్లు నిండితే రిజిస్ట్రేషన్ కొనసాగింపు కోసం ఎలాగూ అక్కడికే తీసుకువెళ్లాలి.