గాయమునకు చీము పట్టినచో: ముందు పరీక్ష, తరువాత మందు

దున్నుచుండగా నాగటి కర్రు తగిలి ఎద్దు వెనుక కాలికి గాయమగును. పసుపు, వేపనూనె రాచినను మానక వాచి, చీము పట్టును. అప్పుడు పెక్కుమంది రైతులు తోచిన సూదిమందు తెచ్చి వేయింతురు. అది పనిచేయనిచో మరియొకటి. ఇందువలన డబ్బు పోవును, సేద్యపు అదను పోవును, ఒక్కొక్కప్పుడు ఎద్దే పోవును.

కారణమేమి? చీము పట్టించు సూక్ష్మజీవులు అన్నియు ఒకే జాతివి కావు. ఒక జాతిని చంపు మందు మరియొక జాతిని ఏమియు చేయజాలదు. అరకొరగా మందు వాడినచో మిగిలిన జీవులు దానికి లొంగక పెరుగును.

గుర్తులు: గాయమైన రెండు మూడు దినములు కొంచెము వాపు, వేడి సహజమే. ఆ పిదప వాపు పెరుగుచు, దుర్వాసన కొట్టుచు, పశువు మేత మాని, జ్వరము 103 డిగ్రీల ఫారన్‌హీటు దాటినచో చీము లోనికి దిగినదని అనుమానింపవలెను. వాపును నొక్కినప్పుడు చిటపటమన్నను, దవడలు బిగిసికొన్నను పరీక్షకై కాచుకొనక వెంటనే పశువైద్యుని పిలువవలెను.

చీము తీయుట: మందు వేయకముందే తీయవలెను. మందు పడిన పిదప సూక్ష్మజీవులు గాయములో బ్రదికియున్నను పరీక్షలో మొలవకపోవచ్చును. పైచీములో పేడ, మట్టి జీవులు కలిసియుండును. కావున వైద్యుడు పుండును ఉప్పునీటితో కడిగి, లోతునుండి తీయును. దానిని చల్లగా ఉంచి ఆనాడే ప్రయోగశాలకు చేర్పవలెను. గాయమైన తేదీ, ఇదివరకు వాడిన మందులు చీటీపై వ్రాయవలెను.

పరీక్ష: 1884లో గ్రామ్ అను డెన్మార్కు వైద్యుడు కనుగొన్న రంగు పద్ధతివలన జీవి ఏ తెగదో త్వరలోనే తెలియును. పిదప 37 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో పెంచి, మందు బిళ్ళలు పెట్టి చూతురు. ఏ బిళ్ళ చుట్టు జీవులు మొలవవో ఆ మందు పనిచేయునన్నమాట. ఇందుకు సాధారణముగా రెండు మూడు దినములు పట్టును. ఈలోగా వైద్యుడు తగిన మందు ప్రారంభించి, ఫలితమునుబట్టి మార్చును.

విరిగిన ఎముకకు ఉక్కు చువ్వ వేసినచోట మరింత జాగ్రత్త వలయును. సూక్ష్మజీవులు లోహముపై జిగురు పొర కట్టుకొని మందునకు చిక్కవు. పైగాయము మాని మరల చీము కారుచుండినచో చువ్వ ప్రక్కనుండియే పరీక్షకు తీయవలెను. మనుష్యులకును ఇదే వర్తించును.

రైతులారా! రెండు దినముల ఓపిక ఎద్దును నిలుపును. గ్రామాధికారులు ఈ సంగతి ఊరిలో అందరికిని తెలుపవలెను.