మాయాప్రవరుని షరతు: వీడియో గేములలో ప్రణయ సహచరులు

కావ్యనాయికను ప్రేమించిన పాఠకుడు లోకానికి కొత్తవాడు కాడు. లైలాను తలచి కన్నీరు పెట్టినవారు, శకుంతలను తలచి నిట్టూర్చినవారు ఉర్దూ తరగతిలోను, తెలుగు తరగతిలోను తరతరాలుగా ఉన్నారు. అయితే ఆ నాయిక తన మాటకు ఏమని బదులిస్తుందోనని ఎదురుచూచే పాఠకుడు మాత్రం ఇటీవలి దశాబ్దాలలో పుట్టినవాడు. అతడు గ్రంథం ముందు గాక కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. అతడు ఆడుతున్నది రోల్ ప్లేయింగ్ గేమ్, అనగా పాత్రధారణ క్రీడ. మన హిందూపురం విద్యార్థులలో ఇట్టి క్రీడలను ఎరిగినవారు తక్కువ కారు. ఎరుగని పెద్దలు వీటిని కాలహరణమని ఒక్క మాటతో కొట్టివేయడం పరిపాటి. ఇందులో ప్రేమకథ ఎట్లు నడుస్తుంది, దాని వెనుక ఉన్న యంత్రాంగమెట్టిది, అందులో సాహిత్యమెంత, మాయ ఎంత అన్న సంగతిని ఈ వ్యాసంలో విచారించదలచాను.

ఈ క్రీడలకు మూలం 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇరువురు రూపొందించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్. బల్ల చుట్టూ నలుగురైదుగురు మిత్రులు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతుండగా తక్కినవారు వీరుడు, మాంత్రికుడు, దొంగ మొదలైన పాత్రలు ధరించి, పాచికలు వేసి, కథను ముందుకు తీసుకొనిపోతారు. ఈ ఆట కంప్యూటర్‌లోకి వచ్చినప్పుడు ఒక చిక్కు ఏర్పడింది. ఆడేవాడు ఒంటరి. వెంట నడవవలసిన మిత్రులు లేరు. ఆ లోటును పూరించడానికే సహచర పాత్రలు ఏర్పడ్డాయి. తొలుత అవి పేరు, బలం, ఆయుధం తప్ప మరేమీ లేని మూగబొమ్మలు. క్రమంగా వాటికి గతం వచ్చింది, కోపం వచ్చింది, మాట వచ్చింది. దాస్తానె అమీర్ హంజా చదివినవారికి ఈ పరిణామం వింతగా తోచదు. హంజా వెంట అమర్ అయ్యార్ లేనిచో ఆ దాస్తాన్ సగం చప్పబడిపోయేది. నాయకుని కంటె సహచరుడే శ్రోతల మనస్సులో నిలుస్తాడని దాస్తాన్‌గోలకు ఏనాడో తెలుసు.

ఈ సహచరులతో ప్రణయం విస్తృతంగా నడిచిన తొలి క్రీడలలో ముఖ్యమైనది కెనడాలోని ఎడ్మంటన్ నగరానికి చెందిన బయోవేర్ సంస్థ 2000లో వెలువరించిన బాల్డర్స్ గేట్ రెండవ భాగం. అందులో జహీరా అను యోధురాలు ఉన్నది. ఆమె భర్త పేరు ఖలీద్. పేర్లు మన ఇండ్లలోనివిగా వినిపించినా కథ మాత్రం కల్పిత లోకానిది. క్రీడారంభంలోనే శత్రువు చెరసాలలో ఆమెకు భర్త శవం కనబడుతుంది. తరువాత చాలా కాలం ఆమె మాటలలో ప్రణయం లేదు, దుఃఖమే ఉంది. దారిలో నడుస్తూ నడుస్తూ ఉండగా ఎప్పుడో ఒకమాటు నోరు విప్పుతుంది. ఆ సమయంలో తొందరపడి చనువు చూపిన ఆటగానికి ఆ తలుపు మూసుకొనిపోవచ్చు. ఓపికతో వినినవానికి కొంతకాలం గడచిన పిమ్మట మరొక సంభాషణ లభిస్తుంది. ఇంతలో ఆమె చేరియున్న సంఘం నాయకుణ్ణి అనుమానించి బంధింపజూస్తుంది. సంఘానికి ఇచ్చిన మాట ఒకవైపు, సహచరుని ప్రాణం మరొకవైపు. ఇట్టి ధర్మసంకటం మన కథలకు పాతదే. దానిని ఒక ఆటబొమ్మ నోట వినడమే అప్పటి ఆటగాండ్రకు కొత్త.

ఇక యంత్రాంగం మాట. కంప్యూటర్‌లో ప్రేమ అనేది లేదు. ఉన్నది ఒక అంకె. అదే బయోవేర్ 2009లో వెలువరించిన డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్‌లో ఆ అంకెను దాచకుండా ఆటగాని ఎదుటనే ఉంచారు. ఋణ నూరు నుండి ధన నూరు వరకు ఒక కొలబద్ద. దీనునికి సాయపడితే ఒక సహచరుడు మెచ్చుకొని నాలుగు అంకెలు ఎక్కుతాడు. అదే పనికి మరొకతె పెదవి విరిచి నాలుగు అంకెలు దిగుతుంది. తగిన కానుక ఇస్తే అంకె మళ్ళీ ఎక్కుతుంది. నిర్ణీతమైన మెట్టు దాటినప్పుడు రచయిత ముందుగా వ్రాసియుంచిన సంభాషణ తెరచుకొంటుంది. జపాన్‌కు చెందిన స్క్వేర్ సంస్థ 1997లో తెచ్చిన ఫైనల్ ఫాంటసీ ఏడవ భాగంలో ఇట్టి లెక్కే ఉన్నది గాని గుప్తంగా ఉన్నది. వినోదశాలకు నాయకునితో ఒక సాయంత్రం ఎవరు వస్తారన్నది ఆటగాడు అంతకుముందు ఎన్నడో పలికిన చిన్న మాటలను బట్టి నిర్ణయమవుతుంది. లెక్క కనబడనందున అది విధివిలాసంగా తోస్తుంది. నా మట్టుకు ఈ రెండవ పద్ధతియే మేలు. కొలబద్ద కంటికి కనబడిన క్షణంలో ఆటగాడు ప్రేమికుడు కాక వర్తకుడవుతాడు.

ఒక్కొక్క సంభాషణలో ఆటగానికి మూడో నాలుగో సమాధానాలు చూపి ఒకటి ఎన్నుకొమ్మంటారు. ప్రతి ఎన్నికకు వేరు బదులు వ్రాయాలి. ఆ బదులుకు మళ్ళీ మూడు సమాధానాలు. ఇట్లే పోతే పది మెట్లలో అరువది వేల దారులకు చేరువ అవుతుంది. ఏ రచయితా అంత వ్రాయలేడు. అందువల్ల విడిపోయిన దారులను కొంతదూరం పోనిచ్చి నేర్పుగా మళ్ళీ కలిపివేస్తారు. ఆటగాడు తన మాటకే కథ మలుపు తిరిగిందనుకొంటాడు. నిజానికి అతడు ఏ దారిన వచ్చినా ఆ వాకిటికే వచ్చేవాడు. అయినా దారిలో విన్న మాటలు వేరు గనుక అనుభవం వేరవుతుంది. ఈ పనితనాన్ని తక్కువగా అంచనా వేయరాదు.

ఇక్కడ మన ప్రాంతపు కళ ఒకటి తలపుకు వస్తున్నది. ధర్మవరం చెంతనున్న నిమ్మలకుంట తోలుబొమ్మలకు ప్రసిద్ధి. ఆ గ్రామానికి చెందిన దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ లభించిన సంగతి మన జిల్లావారందరికీ గర్వకారణం. తోలుబొమ్మలాటలో కథ రామాయణమైనా భారతమైనా, నడుమ నడుమ జుట్టుపోలిగాడు, బంగారక్క ప్రవేశిస్తారు. వాల్మీకి గాని వ్యాసుడు గాని వీరిని ఎరుగరు. వీరి సరసం, కలహం, ఎత్తిపొడుపులు చూడడానికే తెల్లవార్లూ మేలుకొనే ప్రేక్షకులుండేవారు. బొమ్మ వెనుక నిలిచిన కళాకారుడు తెర ఇవతలి జనం నవ్వును వింటూ మాట పెంచుతాడు, తుంచుతాడు, ఆ ఊరి సంగతి ఒకటి చేరుస్తాడు. వీడియో గేములోని సహచరికి ఆ సౌకర్యం లేదు. ఆమె వెనుకనున్న రచయిత తన పని ముగించుకొని ఏ ఎడ్మంటన్‌లోనో నిద్రపోతున్నాడు. ఆటగాడు నవ్వునో ఏడ్చునో, ఏ గడుసు మాట అడుగునో అతడు కొన్ని సంవత్సరాల ముందే ఊహించి వ్రాసియుండాలి. బంగారక్కది ప్రత్యుత్పన్నమతి. జహీరాది దూరదృష్టి.

మరి ఈ ప్రేమ నిజమా? ఈ ప్రశ్నకు మన సాహిత్యంలో ఒక చక్కని దృష్టాంతం ఉన్నది. మన పెనుకొండ ఏ రాజ్యానికి 1565 తరువాత రాజధాని అయినదో, ఆ విజయనగర రాజ్యంలో కృష్ణదేవరాయల కొలువులోనే అల్లసాని పెద్దన మనుచరిత్రను రచించాడు. కథ మన విద్యార్థులకు పాఠ్యభాగమే. పాదలేపనం కరగిపోయి హిమాలయంలో చిక్కుకొన్న ప్రవరుని వరూధిని వలచింది. అతడు కాదని, అగ్నిదేవుని ప్రార్థించి ఇల్లు చేరుకొన్నాడు. అంతకుముందు ఆమె తిరస్కారానికి గురియైన గంధర్వుడొకడు అదను చూచి ప్రవరుని రూపం ధరించి వచ్చాడు. వచ్చి ఒక షరతు పెట్టాడు: కూడియున్న వేళ కన్నులు తెరవరాదు. వరూధిని అంగీకరించింది.

పాత్రధారణ క్రీడలోని ప్రణయానికి షరతు సరిగా ఇదే. కొలబద్దను చూడకు, కలిసిపోయే దారులను వెదకకు, కన్ను మూసికో అని ఆట మనలను వేడుకొంటుంది. అయితే వరూధినికి తాను దేనికి కన్ను మూస్తున్నదో తెలియదు. ఆటగానికి తెలుసు. తెలిసి మూసినంతవరకు అది నాటకం చూచి కంటతడి పెట్టడం వంటిదే, అందులో తప్పు పట్టవలసినది కనబడదు. పైగా మాయాప్రవరుని వల్ల కలిగిన స్వరోచి మాయ కాడు గదా. కల్పిత పాత్రతో మాటాడి, దుఃఖంలో ఉన్నవారి ఎదుట తొందరపడరాదని ఒక యువకుడు గ్రహించినట్లయితే ఆ గ్రహింపు కల్పితం కాదు.

నేను ఆక్షేపించేది వేరొకటి. మంచి మాట, మంచి కానుక, మంచి పని ఈ మూటిని కూడితే ప్రేమ మొత్తంగా రావలసినదే అను భావాన్ని కొలబద్ద నూరిపోస్తుంది. వడ్డీతో సహా తీరవలసిన అప్పు వలె ప్రేమను చూడడం అలవాటైన యువకుడు, నిజజీవితంలో ఒక యువతి కాదన్నప్పుడు ఏమనుకొంటాడు? తన లెక్కలో పొరపాటు జరిగిందనుకొంటాడు, లేదా తనకు అన్యాయం జరిగిందనుకొంటాడు. కాదనడం ఆమె హక్కు అన్నది అతనికి స్ఫురించదు. ఇది తేలికగా తీసివేయవలసిన సంగతి కాదు.

మెచ్చదగిన విషయమేమంటే ఉత్తమ రచయితలు ఈ దోషాన్ని తామే గుర్తించారు. డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్‌లో అలిస్టర్ అను యోధుడున్నాడు, రాచరక్తం కలవాడు. అతనిని ప్రేమించిన నాయిక తానే పూనుకొని అతనిని సింహాసనం ఎక్కించవచ్చు. కాని ఆమె మానవ కులీన వంశంలో పుట్టినది కాకపోతే, రాజుగా తన బాధ్యతను చెప్పి అతడు ఆమెను వీడిపోవచ్చు. కొలబద్ద నూరు చూపుతున్నా సరే. 2015లో పోలండ్ నుండి వచ్చిన విచర్ మూడవ భాగంలో ఇరువురు స్త్రీలకు ఒకే మాట ఇచ్చిన నాయకునికి, ఆ ఇరువురూ ఏకమై తగిన శాస్తి చేసి వెళ్ళిపోతారు. ఈ ఘట్టం చూచి నవ్వని ఆటగాడు లేడని అనవచ్చు, శాస్తి తనకు జరిగినా కూడా! బెల్జియంకు చెందిన లేరియన్ సంస్థ 2023లో తెచ్చిన బాల్డర్స్ గేట్ మూడవ భాగంలో ఆస్టేరియన్ అను పాత్ర రెండు వందల సంవత్సరాలు ఒక క్రూరునికి బానిసగా ఉండి, ఇతరులను వలపుతో వంచించడమే పనిగా బ్రతికినవాడు. నాయకునితో ప్రణయం కూడ మొదట రక్షణ కొరకు పన్నిన పన్నాగమే. తరువాత తానే ఆ మాట ఒప్పుకొంటాడు. అప్పుడు అతనిని తాకక, ఏమీ కోరక, పక్కన నిలిచిన ఆటగానికే ఆ బంధంలోని లోతు తెలుస్తుంది. గెలుచుకోవడంతో ముగిసే ప్రేమకథ కంటె ఇది ఎన్నో మెట్లు పైనున్నది. హంజా, మెహర్ నిగార్‌ల ప్రణయంలో రసం కూడ సుదీర్ఘమైన నిరీక్షణలోనే ఉన్నదని మన ఉర్దూ ఉపన్యాసకులు అంగీకరిస్తారనుకొంటాను.

ఇందుకు విరుద్ధమైన దారి ఒకటి సెల్‌ఫోన్లలో ప్రబలుతున్నది. చైనా నుండి 2024 జనవరిలో వెలువడిన లవ్ అండ్ డీప్‌స్పేస్ ఇందుకు ఉదాహరణ. ఆట ఉచితమే. ప్రియుని కొత్త జ్ఞాపకం, కొత్త ఘట్టం కావాలంటే చీటీ తీసినట్లు అదృష్టం మీద ఒక కార్డు పొందాలి. వేచియుంటే కొన్ని చీటీలు ఉచితంగా వస్తాయి. వేచియుండలేనివారు డబ్బు చెల్లిస్తారు. కార్డు రాకపోతే మళ్ళీ చెల్లిస్తారు. ఇట్టి ఆటలలోని ప్రియుడు సాధారణంగా కాదనడు, అలిగి వెళ్ళిపోడు. వెళ్ళిపోతే దుకాణానికి నష్టం గదా. బొమ్మలు, సంగీతం మనోహరంగానే ఉంటాయి, ఆ సంగతి దాచనక్కర లేదు. కాని పరీక్ష ఫీజు కొరకు ఇంటి నుండి వచ్చిన సొమ్ము ఏ చీటీలోకి పోతున్నదో లెక్క చూచుకొనడం విద్యార్థుల వంతు. ఇక్కడ కన్ను మూయమని అడుగుతున్నది గంధర్వుడు కాడు, గల్లాపెట్టె.

చివరగా మన భాషల మాట. నేను పేర్కొన్న ఏ క్రీడలోను సహచరులు తెలుగు మాటాడరు. మాటాడిన నాడు రచయితకు ఆంగ్లంలో లేని ఒక సాధనం చేతికి వస్తుంది. ఆంగ్లంలో శత్రువైనా ప్రియుడైనా ఒకే సంబోధన. తెలుగులో ‘మీరు’ నుండి ‘నువ్వు’కు దిగడానికి ఒక సహచరికి ఎన్ని ప్రయాణాలు, ఎన్ని అలకలు కావాలి! ఉర్దూలో ఆప్, తుమ్, తూ అని మెట్లు మూడు. ధర్మవరం యాసలో ‘ఏమప్పా’ అని పలకరించిన పాత్ర, ఏ ఘట్టంలో ఆ ‘అప్పా’ను విడిచి పేరు పెట్టి పిలుస్తుంది? ఆ పిలుపుకు ఆటగాడు ‘మీరు’ అనియే బదులిస్తే ఆమె ఏమి అర్థం చేసుకొంటుంది, మరుసటి మాట ఏమంటుంది? మన కళాశాలలో కంప్యూటర్ శాస్త్రం, సాహిత్యం చదివే విద్యార్థులు ఇద్దరు కలిసి కూర్చుంటే ఇట్టి సంభాషణ ఒక్కటి వ్రాసి చూడడానికి పెద్ద యంత్రసామగ్రి అక్కరలేదు. కాగితం మీద నాలుగు సమాధానాలు, నాలుగు బదుళ్ళు, ఎక్కడ ‘మీరు’ మారుతుందో ఒక గుర్తు, అంతే.