పట్టికలో వెదకుట: చీటీల ఆయుర్దాయము

2006వ సంవత్సరములో కెనడా దేశపు వాంకూవర్ నగరమున గ్రేడన్ హోర్ అను ప్రోగ్రామర్ ఇల్లు చేరునప్పటికి లిఫ్టు ఆగిపోయి యుండెను. ఆయన కాపురము 21వ అంతస్తున. లిఫ్టును నడుపు ప్రోగ్రాము కూలిపోవుట దానికి కారణము. ఆ విసుగు ఊరక పోలేదు. కంప్యూటరు మెమరీని వాడుటలో జరుగు పొరపాట్లకు ఆదిలోనే అడ్డుకట్ట వేయు క్రొత్త భాష నొకదానిని ఆయన ఆలోచింపసాగెను. అదియే రస్ట్. 2015 మే 15వ తేదీన దాని మొదటి స్థిరరూపము వెలువడినది.

మెమరీ యనగా అంకెలు వేసిన గళ్ల వరుస. ఒక వస్తువు ఏ గడిలో నున్నదో తెలుపు చీటీని రెఫరెన్సు అందురు. వస్తువును తీసివేసిన పిదప చీటీ మాత్రము మిగిలినచో చిక్కు వచ్చును. ఇల్లు చేతులు మారినను పాత చిరునామాకే రహస్యపు ఉత్తరము వ్రాసినట్లు, ప్రోగ్రాము ఆ గడిలో ఇప్పుడున్న పరాయి వస్తువును తనదనుకొని చదువును. ఒక్కొక్కప్పుడు దానిపై వ్రాయును గూడ. దొంగలు చొరబడుటకు ఇదియొక రాచబాట. మైక్రోసాఫ్ట్ సంస్థ 2019లో తెలిపిన లెక్కనుబట్టి, ఆ సంస్థ ఏటేటా సరిదిద్దు భద్రతాలోపములలో నూటికి సుమారు 70 మెమరీకి సంబంధించిన దోషములే.

ఈ చిక్కు చక్కగా కనబడు చోటు హాష్ పట్టిక. 1953లో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన హాన్స్ పీటర్ లూన్ ఈ ఊహను ఒక అంతరంగిక పత్రములో వ్రాసెను. రైలు స్టేషనులోని సామానుగదిని తలచుకొనుడు. అందు వేయి అరలున్నవి. యజమాని పేరులోని అక్షరములతో ఏదో లెక్క కట్టగా 412 వచ్చినదనుకొందము. అతని పెట్టెను 412వ అరలో పెట్టుదురు. మరల అడిగినప్పుడు అదే లెక్క కట్టి తిన్నగా అక్కడికే పోవచ్చును. అరలన్నియు గాలింప బనిలేదు. ఐతే ఇరువురి పేర్లకు ఒకే సంఖ్య రావచ్చును గదా! అందుచేత అరలో పెట్టెతోపాటు పేరును గూడ ఉంచి, అడుగవచ్చినవాని పేరుతో సరిపోల్చవలెను. ఈ పేరునే కీ అందురు.

ఇందు మూడు ఆయుర్దాయములున్నవి. అడుగవచ్చినవాడు చూపిన పేరు చీటీ వెదకుట ముగియువరకు నిలిచిన చాలును, పిమ్మట చించివేయవచ్చును. అరలోని పేరు అట్లు కాదు. అది అరలో ఉన్నంతకాలము చెల్లుబడి కావలెను. అది స్వయముగా పేరు కాక, "ఫలానా రిజిస్టరు మూడవ పుట చూడుము" అను సూచన మాత్రమే యైనచో, ఆ రిజిస్టరు పట్టికకంటె ముందు నశింపరాదు. ఇక దొరకిన పెట్టెను చూపు రెఫరెన్సు సంగతి. పట్టిక నిండవచ్చినప్పుడు పెద్ద తావు సంపాదించి, లెక్కలు మరల కట్టి, అన్నిటిని అక్కడికి తరలింతురు. కావున ఆ రెఫరెన్సు పట్టిక మారనంతవరకే చెల్లును.

రస్ట్ భాషలో ఈ ఆయుర్దాయములకు గుర్తులు గలవు. పట్టికను, అడుగు కీని రెంటిని రెఫరెన్సులుగా తీసికొని, దొరకిన వస్తువునకు రెఫరెన్సు నిచ్చు ఫంక్షను నొకదానిని వ్రాసితిమనుకొనుడు. జవాబు వీనిలో దేని ఆయువును అనుసరించునని కంపైలరు నిలదీయును. క్రొత్తవారు రెంటికిని ఒకే గుర్తు వేసి ఊరట చెందుదురు. ఆ ఫంక్షను అంగీకరింపబడును. కాని తాత్కాలికమైన కీ నొకదానిని దానికిచ్చి, ఆ కీ పోయిన పిదప జవాబును వాడబోగా కంపైలరు అడ్డుపడును. చీటీ చినిగినది గనుక పెట్టె నీయమన్నట్లుండును! తప్పు కంపైలరుది కాదు. జవాబునకు చీటీతో ముడిపెట్టినవారము మనమే. ఆ గుర్తును పట్టికకును జవాబునకును మాత్రమే ఉంచి, కీని దానినుండి విడిచినచో చిక్కు తొలగును.

ఈ తనిఖీ యంతయు ప్రోగ్రాము నడువకముందే ముగియును. నడుచునప్పుడు దీనికై కాలవ్యయము లేదు. కంపైలరు అతిజాగ్రత్తతో నిర్దోషమైనదానిని గూడ త్రోసిపుచ్చుట కలదు. 2018 డిసెంబరులో వెలువడిన 1.31వ కూర్పునుండి, రెఫరెన్సును చివరిసారి వాడిన చోటనే దాని ఆయువు ముగిసినట్లు లెక్కించు ఏర్పాటు వచ్చి, ఈ బాధ చాలవరకు తగ్గినది. వెదకి, లేనిచో చేర్చు పనికి ఎంట్రీ అను పద్ధతి వేరుగా గలదు. అది ఒకేమారు అరను వెదకి, ఖాళీగా నున్నచో అచ్చటనే వస్తువు నుంచుటకు వీలు కల్పించును. దీనికి మాత్రము చూపి చించివేయు చీటీ చాలదు. అరలో దాచుకొనదగిన కీనే అప్పగింపవలెను.