ముందెన్నడూ చూడని మాల్‌వేర్‌ను పట్టేదెలా?

2017 మే 12న వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచవ్యాప్తంగా కంప్యూటర్లపై విరుచుకుపడింది. కొద్ది రోజుల్లోనే 150కి పైగా దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లకు పాకింది. ఫైళ్లకు తాళం వేసి, అది తీయాలంటే బిట్‌కాయిన్లలో డబ్బు చెల్లించాలని బెదిరించింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు వేలాది అపాయింట్‌మెంట్లను రద్దు చేసుకోవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి.

ఇలాంటి కొత్త మాల్‌వేర్ ముందు సంప్రదాయ యాంటీవైరస్ తడబడుతుంది. అది ప్రధానంగా ‘సిగ్నేచర్’ల మీద, అంటే ఇదివరకే దొరికిన మాల్‌వేర్ గుర్తుల మీద ఆధారపడుతుంది. పాత నేరస్థుల వేలిముద్రలతో పోల్చి దొంగను పట్టడం లాంటిదిది. తొలిసారి దొంగతనానికి వచ్చినవాడి వేలిముద్ర రికార్డులో ఉండదు కదా! పైగా, కోడ్‌ను కాస్త మార్చినా పాత గుర్తు పనికిరాకుండా పోవచ్చు.

లక్షణాలే ఆధారం

మెషీన్ లెర్నింగ్ వేలిముద్రకు బదులు లక్షణాలను చూస్తుంది. మంచివని, చెడ్డవని ముందే తేలిన వేలాది ప్రోగ్రామ్‌లను చూపి నమూనాకు శిక్షణ ఇస్తారు. 2001లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ దారిలో తొలి అడుగులు వేశారు. శిక్షణలో చూపని మాల్‌వేర్‌ను గుర్తించడంలో వారి పద్ధతి సిగ్నేచర్ పద్ధతి కంటే రెండు రెట్లకు పైగా మెరుగైన ఫలితం ఇచ్చింది.

పరిశీలన రెండు రకాలు. మొదటిది, ఫైల్‌ను నడపకుండానే దాని నిర్మాణాన్ని, అందులోని పదాలను, అది వాడుకునే సిస్టమ్ సేవలను చూడటం. రెండోది, బయటి ప్రపంచంతో సంబంధం లేని ‘శాండ్‌బాక్స్’లో నడిపి దాని ప్రవర్తనను గమనించడం. వరసగా ఫైళ్లను చదివి మార్చేస్తోందా? బ్యాకప్ కాపీలను చెరిపేస్తోందా? పక్క కంప్యూటర్ల కోసం వెతుకుతోందా? వీటిలో ఏ ఒక్కటీ నేరానికి రుజువు కాదు. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కూడా ఫైళ్లన్నీ చదువుతుంది. అందుకే నమూనా అన్ని లక్షణాలనూ కలిపి తూకం వేస్తుంది.

తప్పుడు హెచ్చరికల బెడద

ఒక సంస్థలో 1,00,000 ఫైళ్లు ఉన్నాయనీ, వాటిలో 10 మాత్రమే మాల్‌వేర్ అనీ అనుకుందాం. నమూనా ఆ పదింటినీ పట్టుకున్నా, మంచి ఫైళ్లలో 1 శాతాన్ని పొరపాటున అనుమానిస్తే దాదాపు 1,000 తప్పుడు హెచ్చరికలు వస్తాయి. వాటితో విసిగిపోయిన సిబ్బంది అసలు హెచ్చరికనూ పట్టించుకోకపోవచ్చు. కాబట్టి ఎన్ని పట్టింది అన్నదే కాదు, ఎన్ని నిరపరాధులను నిలదీసింది అన్నదీ ముఖ్యమే.

దాడి చేసేవారూ చేతులు ముడుచుకు కూర్చోరు. హానికర ఫైల్ చివర ఒక గేమ్ ప్రోగ్రామ్‌లోని అక్షరాలను అతికించి కృత్రిమ మేధ ఆధారిత యాంటీవైరస్‌ను ఏమార్చవచ్చని 2019లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. అందుకే నమూనాలకు తాజా మాల్‌వేర్‌తో మళ్లీ మళ్లీ శిక్షణ ఇవ్వాలి. శిక్షణ తర్వాత పుట్టిన ఫైళ్లతోనే వాటిని పరీక్షించాలి.

అయితే ఎంత తెలివైన కాపలాదారు ఉన్నా తలుపు తెరిచి ఉంచకూడదు. వాన్నాక్రై దూరిన లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చిలోనే మరమ్మతు విడుదల చేసింది. దాన్ని సకాలంలో వేసుకున్న కంప్యూటర్లలోకి ఆ పురుగు ఆ దారిన చొరబడలేకపోయింది.