నదీలోయ నేలలు – వాణిజ్య కట్టడాల పునాదులు

ఉర్దూలో ‘బునియాద్’ అన్నా, తెలుగులో ‘పునాది’ అన్నా, ఆ మాటకు కట్టడపు అడుగుభాగమనే అర్థంతో పాటు సమస్తానికి ఆధారమనే విశాలార్థం కూడా కలదు. చదువుకు పునాది, సంసారానికి పునాది అని మనం నిత్యం అంటూనే ఉంటాము. కాని అసలు పునాదిని గురించి ఆలోచించేవారు తక్కువ. కట్టడం పూర్తి అయిన పిదప గోడలు, కప్పు, రంగులు అందరికీ కనిపిస్తాయి. పునాది ఎవరికీ కనిపించదు. అందుచేతనే ఖర్చు తగ్గించుకొనవలసి వచ్చినపుడు మొదటి కత్తెర దాని మీదనే పడుతున్నది. నదీతీర పట్టణాలలో దుకాణ సముదాయాలు, గోదాములు, హోటళ్లు కట్టేటపుడు ఈ పొదుపు ఎంత ప్రమాదకరమైనదో, తడినేలపై కాంక్రీటు పునాదిని ఏ సూత్రాల ననుసరించి నిర్మించవలెనో ఈ వ్యాసంలో వివరింప ప్రయత్నిస్తాము.

నదీలోయ నేల స్వభావం

నది తాను మోసుకొని వచ్చే సరుకును వేగాన్ని బట్టి జారవిడుస్తుంది. ప్రవాహం ఉద్ధృతంగా ఉన్నచోట గులకరాళ్లు, ముతక ఇసుక నిలుస్తాయి. వేగం తగ్గినచోట సన్న ఇసుక, ఒండ్రు చేరుతాయి. వరదనీరు పొలాలలో నిలిచి మెల్లగా ఇంకినచోట బంకమట్టి పేరుకుంటుంది. నది వేల సంవత్సరాలలో అనేక పర్యాయాలు దారి మార్చుకుంటుంది. వదలిన పాతపాయ కాలక్రమాన మెత్తని బురదతో నిండి, పైన గట్టిపడి, సామాన్య భూమివలె కనిపిస్తుంది. ఈ కారణాలచేత ఒకే స్థలంలో ఒక మూల ఇసుక, మరొక మూల బంకమట్టి ఉండవచ్చును. మన కృష్ణా, గోదావరి డెల్టాలలో ఇసుక పొరలు, నల్లని బంకమట్టి పొరలు ఒకదానిపై ఒకటి కనిపించడానికి కారణం ఇదే.

ఇట్టి నేలలో మరొక చిక్కు ఉన్నది. ఎండకు ఆరి, గాలికి గట్టిపడిన పైపొర క్రింది పొరలకంటె దృఢంగా ఉంటుంది. గునపం వేసి చూచిన మేస్త్రీకి నేల గట్టిగానే తోస్తుంది. కాని అసలు పరీక్ష ఆ గట్టిపొర క్రిందనే ఉన్నది.

నీరు చేసే పని

మట్టి రేణువులు ఒకదాని నొకటి ఆనుకొని బరువును మోస్తాయి. రేణువుల నడుమ ఖాళీలలో నీరు నిండినపుడు ఆ నీటికి కూడా పీడనం ఉంటుంది. మొత్తం పీడనం నుండి నీటి పీడనాన్ని తీసివేయగా మిగిలినదే రేణువులను ఒకదానితో ఒకటి అదిమిపట్టి ఉంచుతుంది. నేల బలం ఈ మిగులుపై ఆధారపడి ఉన్నది. ఈ సూత్రాన్ని స్థాపించి, మృత్తికా యాంత్రిక శాస్త్రానికి పునాది వేసినవాడు కార్ల్ టెర్జాగీ. ఆయన ప్రసిద్ధ గ్రంథం 1925లో వెలువడినది.

ఇసుకలో నీరు త్వరగా తొలగిపోతుంది. కనుక బరువు పడిన కొద్దికాలంలోనే ఇసుక సర్దుకుంటుంది. బంకమట్టిలో రంధ్రాలు అతిసూక్ష్మములు. నీరు బయటికి పోవడానికి సంవత్సరాలు, ఒక్కొక్కప్పుడు దశాబ్దాలు పట్టును. తడిబంకమట్టిపై బరువు తొందరగా పెట్టినచో మొదట ఆ బరువును నీరే భరిస్తుంది, మట్టికి అదనపు బలం చేకూరదు. మెల్లగా పెట్టినచో నీరు క్రమంగా పోయి, మట్టి బిగిసి, బలం పుంజుకుంటుంది. కట్టడం కుంగడం కూడా అదే వేగంతో సాగుతుంది. అంటే బంకమట్టి విషయంలో బరువు ఎంత అన్నది ఒక్కటే చాలదు. ఎంత కాలంలో పెట్టామన్నది కూడా లెక్కకు వస్తుంది.

ట్రాన్స్‌కోనా గోదాము కథ

ఈ సూత్రాలకు చక్కని ఉదాహరణ కెనడా దేశంలో రెడ్ రివర్ లోయలో, విన్నిపెగ్ నగర సమీపాన గల ట్రాన్స్‌కోనాలో లభిస్తుంది. ఆ లోయ యావత్తు పూర్వం అగాసీజ్ అనే మహా హిమానీ సరస్సుకు అడుగు. సరస్సు పోగా బంకమట్టి మిగిలినది. అక్కడ 1911లో ఒక బ్రహ్మాండమైన ధాన్యాగారం కట్టనారంభించి, 1913 సెప్టెంబరులో పూర్తిచేశారు. 65 గుండ్రని కాంక్రీటు గాదెలు. వాటన్నిటికీ అడుగున 23.5 మీటర్ల వెడల్పు, 59.5 మీటర్ల పొడవు గల ఒకే కాంక్రీటు పలక, అనగా రాఫ్ట్ పునాది. ఖాళీ కట్టడం బరువే సుమారు 18 వేల టన్నులు.

నిర్మాతలు అజాగ్రత్తపరులు కారు. పునాది గుంట అడుగున చిన్న పలకపై బరువులు పెట్టి నేలను పరీక్షించారు. చదరపు మీటరుకు దాదాపు 40 టన్నులు మోయగలదని తేలినది. నిండు ధాన్యంతో కూడా కట్టడం అంత పీడనం కలిగించదు. కనుక భయం లేదని వారు భావించారు.

1913 అక్టోబరు 18వ తేదీ నాటికి గాదెలలో సుమారు 24 వేల టన్నుల గోధుమలు నింపారు. పునాదిపై పీడనం చదరపు మీటరుకు ఇంచుమించు 30 టన్నులకు చేరినది. ఆనాడు కట్టడం కుంగడం మొదలై, ఒక గంటలో సుమారు 30 సెంటీమీటర్లు దిగినది. పిదప పడమటివైపు ఒరగడం ఆరంభించి, 24 గంటలలో దాదాపు 27 డిగ్రీలు వాలి నిలిచిపోయినది. ఒక అంచు భూమిలో దిగబడగా రెండవ అంచు పైకి లేచినది. చిత్రమేమనగా, గాదెల కాంక్రీటు చాలావరకు చెక్కుచెదరలేదు. కాంక్రీటులో లోపం లేదు, ఇనుములో లోపం లేదు. క్రింది నేల ప్రక్కకు జారినది.

1914లో ఇంజనీర్లు కట్టడం క్రింద రాతి వరకు గుంటలు తవ్వి, కాంక్రీటు స్తంభాలు నిలిపి, జాకీలతో దానిని తిరిగి నిలువుగా నిలబెట్టారు. కారణం మాత్రం అప్పుడు శాస్త్రీయంగా తేలలేదు. 1950ల ఆరంభంలో రాల్ఫ్ పెక్, బ్రయంట్ అనే ఇంజనీర్లు ఆ సమీపాన బోర్లు వేయించి, నమూనాలు పరీక్షించి, 1953లో ఫలితాలు ప్రకటించారు. పైన గట్టి బంకమట్టి, దాని క్రింద మెత్తని బంకమట్టి ఉన్నవి. ఆ రెంటినీ కలిపి లెక్కిస్తే నేల మోయగలిగినది చదరపు మీటరుకు సుమారు 25 టన్నులు మాత్రమే. మోపినది 30 టన్నులు.

చిన్న పలక, పెద్ద పలక

పరీక్షలో 40 టన్నులు మోసిన నేల, కట్టడం క్రింద 25 టన్నులకు మించి ఎందుకు మోయలేకపోయినది? పునాది కలిగించే పీడనం లోతుకు పోయినకొద్దీ తగ్గుతుంది. చతురస్రాకారపు పునాది నడిమి భాగాన, దాని వెడల్పుకు సమానమైన లోతులో పీడనం మూడవ వంతుకు తగ్గును. వెడల్పుకు రెట్టింపు లోతులో పదవ వంతుకు తగ్గును. 30 సెంటీమీటర్ల పలకతో పరీక్షించినపుడు దాని ప్రభావం 60 సెంటీమీటర్ల లోతుతో సరి. అది పరీక్షించినది పై గట్టిపొరను మాత్రమే. 23.5 మీటర్ల వెడల్పు గల రాఫ్ట్ ప్రభావమో, మెత్తని పొరనంతా దాటి క్రింది రాతి వరకు పోయినది.

విద్యార్థులు గుర్తుంచుకొనదగిన సూత్రం ఇదే: కట్టడం ఎంత విశాలమైనదో, నేలను అంత లోతుగా తెలుసుకొనవలెను. చిన్న ఇంటికి చాలిన పరీక్ష పెద్ద దుకాణ సముదాయానికి చాలదు. ప్రక్క స్థలంలో ఒక ఇల్లు ఏళ్లతరబడి నిలిచి ఉన్నదన్న నిదర్శనం కూడా చాలదు.

బంకమట్టికి కాలం ఇచ్చినచో ఏమి జరుగునో ఇటలీలోని పీసా వాలుగోపురం చెబుతున్నది. ఆర్నో నది మైదానపు మెత్తని నేలపై దాని నిర్మాణం 1173లో ఆరంభమై, 1178లో ఆగిపోయి, 1272లో తిరిగి సాగినది. యుద్ధాల వలన కలిగిన ఆ విరామంలో మట్టి బిగిసి బలపడినది. లేనిచో గోపురం ఆనాడే కూలి ఉండేదని నిపుణుల అభిప్రాయం. 1990లో దానిని మూసివేసి, ఎత్తుగా ఉన్నవైపు అడుగునుండి కొద్దికొద్దిగా మట్టి తీసి, వాలును సుమారు అర డిగ్రీ తగ్గించి, 2001లో తిరిగి తెరచారు. పీసా గోపురానికి దాదాపు నూరేళ్ల విరామం దొరికినది. ట్రాన్స్‌కోనా గాదెలు కొన్ని వారాలలో నిండినవి.

వాణిజ్య కట్టడాల ప్రత్యేకత

నివాస గృహానికి, వాణిజ్య కట్టడానికి భేదం ముందుగా బరువులో ఉన్నది. భారత ప్రమాణాల ప్రకారం నివాసపు గదుల అంతస్తుపై చదరపు మీటరుకు సుమారు 200 కిలోల వాడుక భారాన్ని లెక్కించవలెను. దుకాణాలకు 400 కిలోలు, సరుకు నిల్వచేసే గదులకు కనీసం 750 కిలోలు లెక్కించవలెను. ఇల్లుగా కట్టినదానిని మధ్యలో గోదాముగా మార్చడం ఎంత సాహసమో ఈ అంకెలే తెలుపుతాయి. దుకాణాలలో స్తంభాల మధ్య దూరం ఎక్కువ కనుక ఒక్కొక్క స్తంభంపై పడే భారం కూడా ఎక్కువ. ఒక స్తంభం ఇసుకపై, ప్రక్క స్తంభం పాతపాయ బురదపై నిలిచినచో రెండవది ఎక్కువగా కుంగుతుంది. కట్టడమంతా సమానంగా కుంగినచో హాని స్వల్పం. అసమానంగా కుంగినపుడే దూలాలు పగులుతాయి, షట్టర్లు బిగుసుకుంటాయి, గోడలు ఏటవాలుగా చీలుతాయి.

పునాదులలో రకాలు

గట్టినేల దగ్గరలో ఉన్నచో స్తంభానికొక ఫుటింగు చాలును. నేల ఒకింత బలహీనమై, మార్పులు ఎక్కువగా ఉన్నచో కట్టడమంతటికీ ఒకే రాఫ్ట్ వేయడం మేలు. రాఫ్ట్‌లో మరొక సౌకర్యం కలదు. మూడు మీటర్లు తవ్వి సెల్లార్ కట్టినచో చదరపు మీటరుకు ఐదు టన్నులకు పైగా మట్టి బరువు తొలగిపోతుంది. ఆ మేరకు కట్టడపు బరువు నేలకు కొత్త భారం కాదు. మెత్తనిపొర మిక్కిలి లోతుగా ఉన్నచో పైళ్లు దింపి, బరువును క్రింది గట్టిపొరకు చేర్చవలెను. ఎండకు పగిలి వానకు ఉబ్బే నల్లరేగడి నేలలకు అడుగున ఉబ్బెత్తు గల పైళ్లను రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ రూపొందించినది.

మన దేశానికి ఈ విద్య కొత్తది కాదు. యమునా తీరాన తాజ్‌మహల్ నదివైపు భాగం రాయి, సున్నంతో నింపిన బావులపై నిలిచి ఉన్నది. నదీగర్భంలో బావులు దింపి వంతెన స్తంభాలు నిలిపే పద్ధతి నేటికీ మన నదులపై సాగుతున్నది.

పనిలో పాటించవలసినవి

మొదట బోర్లు వేయించవలెను. స్థలం నడుమ ఒకటి వేసి ఊరుకొనక, మూలలందు కూడా వేయించవలెను. బోరులో 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తునుండి వదలి, గొట్టం మొదటి 15 సెంటీమీటర్లు దిగిన తరువాత, పిమ్మటి 30 సెంటీమీటర్లు దిగడానికి పట్టిన దెబ్బలను లెక్కించే పరీక్ష వాడుకలో ఉన్నది. దెబ్బలు తక్కువైనచో నేల మెత్తన. భూగర్భజల మట్టాన్ని వేసవిలో చూచి సంతృప్తి పడరాదు. వర్షాకాలపు మట్టమే లెక్కకు ప్రధానం.

పునాది గుంటలో నీరు ఊరినపుడు ఇష్టం వచ్చినట్లు పంపుతో తోడరాదు. నీటితో పాటు సన్న ఇసుక కూడా వచ్చి, ప్రక్క కట్టడం క్రింద నేల డొల్ల అవుతుంది. నిలిచిన నీటిలో కాంక్రీటు పోసినచో సిమెంటు కొట్టుకొనిపోయి కంకర మిగులుతుంది. అడుగును శుభ్రపరచి, బెడ్ కాంక్రీటు పరచి, ఆపై చువ్వలు కట్టవలెను. ఫుటింగు చువ్వలకు 50 మిల్లీమీటర్ల కాంక్రీటు కప్పు తప్పక ఉండవలెను. తడినేలలో తుప్పు నుండి రక్ష అదియే. ఇక సెల్లార్ అడుగుకంటె నీటిమట్టం మూడు మీటర్లు ఎత్తుగా ఉన్నచో ప్రతి చదరపు మీటరును మూడు టన్నుల బలంతో నీరు పైకి నెట్టును. పై అంతస్తులు లేవకముందు వరద వచ్చినచో ఖాళీ సెల్లార్ తేలే ప్రమాదం కలదు.

కమిటీలకు ఒక మనవి

మన పట్టణాలలో విద్యాసంస్థలు, వక్ఫ్ ఆస్తులు, చిన్న వర్తకులు అద్దె ఆదాయం కొరకు దుకాణ సముదాయాలు నిర్మిస్తుంటారు. ఒక్కొక్క దుకాణం వెనుక ఒక కుటుంబపు జీవితకాలపు పొదుపు ఉంటుంది. పై అంతస్తులలో మనుషులు పనిచేస్తుంటారు. కంట్రాక్టరుతో ఒప్పందంపై సంతకం చేసే ముందు బాధ్యులు నాలుగు ప్రశ్నలు అడుగవలెనని మా మనవి. బోర్లు ఎన్ని, ఎంత లోతు వేశారు? వర్షాకాలపు నీటిమట్టం ఎంత? లెక్కించిన బరువులో సరుకు నిల్వ చేరినదా? ప్రక్క కట్టడాల రక్షణకు ఏర్పాటేమి? జవాబులు కాగితంపై లేనిచో పని మొదలుపెట్టరాదు. నేల పరీక్షకు అయ్యే ఖర్చు కట్టడపు వ్యయంలో అత్యల్పం. ఒరిగిన కట్టడాన్ని నిలబెట్టడానికి అయ్యే ఖర్చుకు మాత్రం అంతు లేదు.

మన విద్యార్థులలో రేపటి ఇంజనీర్లు, ఓవర్సీయర్లు, వర్తకులు ఉన్నారు. పైపొర గట్టితనాన్ని చూచి మోసపోక, క్రింది పొరను పరీక్షింపక ఏ నిర్ణయమూ చేయరాదనే నియమాన్ని వారు ఇప్పటినుండే అలవరచుకొందురుగాక.